‘కు’ పోనివ్వకండి: ఇంగ్లిష్ క్రియ ‘ఇంపార్ట్’ను సరిగ్గా వాడడం ఎలా?

ఉద్యోగానికి పంపే బయోడేటాలో, బడి వార్షిక నివేదికలో, స్వచ్ఛంద సంస్థ నిధుల కోసం రాసే దరఖాస్తులో ‘ఇంపార్ట్’ అనే ఇంగ్లిష్ క్రియ తరచూ కనిపిస్తుంది. విద్యనో, నైపుణ్యాన్నో, విలువలనో, సమాచారాన్నో ఒకరు మరొకరికి అందించడం దీని అర్థం. అర్థం దగ్గర ఎవరూ పెద్దగా తడబడరు. తడబాటంతా వాక్యం కట్టేటప్పుడే. ‘ఇంపార్ట్ మీ సమ్ నాలెడ్జ్’ అని ఒకరు రాస్తారు. ‘ఇంపార్టెడ్ స్టూడెంట్స్ విత్ స్కిల్స్’ అని ఇంకొకరు, ‘ఫార్మర్స్ వర్ ఇంపార్టెడ్ ట్రైనింగ్’ అని మరొకరు. మూడూ తప్పే. మూడింటికీ మూలం కూడా ఒకటే: తెలుగులో మన నోట ఎప్పుడూ తప్పిపోని ‘కు’ను ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి జారవిడుచుకోవడం.

అందుకే ఈ క్రియను నేర్చుకోవడానికి ఇంగ్లిష్ వ్యాకరణం పుస్తకం కంటే ముందు మీ తెలుగు చెవిని నమ్మండి. ఎలాగో ఒక్కో మెట్టుగా చూద్దాం.

ముందు మాట మూలం పట్టుకోండి

లాటిన్‌లో ‘పార్స్’ అంటే భాగం, వాటా. దాని నుంచి పుట్టిన క్రియకు ‘వాటా పెట్టు’ అని అర్థం. అది పాత ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లిష్‌కు వచ్చింది. మొదట ఉన్నదాంట్లో కొంత పంచి ఇవ్వడమే దీని అర్థం, తెలిసినదాన్ని తెలియజేయడం అనే అర్థం ఆ తర్వాత చేరింది. ఈ వాటా భావన గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. ఇచ్చేవాడి దగ్గర ఒకటి ఉంది, అందులోంచి అవతలివాడికి అందుతోంది. అంటే వాక్యంలో మూడు పాత్రలు: ఇచ్చేది ఎవరు, ఇచ్చేది ఏమిటి, ఎవరికి.

చూడ్డానికి చుట్టాల్లా కనిపించే మాటలు కొన్ని ఉన్నాయి, వాటితో జాగ్రత్త. ‘ఇంపార్టెంట్’, ‘ఇంపార్టెన్స్’ అని మనం తెలుగులో రాసే, పలికే తీరు వల్ల అవి ‘ఇంపార్ట్’ నుంచే పుట్టాయనిపిస్తుంది. కాదు. ఇంగ్లిష్ స్పెల్లింగులో వాటి నడుమ ఉన్నది ‘పోర్ట్’, ‘పార్ట్’ కాదు. వాటి మూలం ‘మోసుకురావడం’ అనే అర్థమున్న మరో లాటిన్ క్రియ, ‘ఇంపోర్ట్’ వచ్చింది కూడా అక్కణ్నుంచే. కాబట్టి ‘ఇంపార్ట్’కు నామవాచకం కావాలని ‘ఇంపార్టెన్స్ ఆఫ్ నాలెడ్జ్’ అని రాస్తే ‘జ్ఞానం ప్రాముఖ్యం’ అని అర్థమొస్తుంది, ‘జ్ఞానాన్ని అందించడం’ అని రాదు. ఆ రెండో అర్థానికి ‘ద ఇంపార్టింగ్ ఆఫ్ నాలెడ్జ్’ అనాలి. ‘ఇంపార్టేషన్’ అనే మాట నిఘంటువుల్లో ఉన్నా మామూలు రాతలో అరుదు, వదిలేయండి.

‘ఇంపార్షియల్’లో మొదటి అక్షరం ‘కాదు’ అని చెప్పేది. పక్షపాతం లేని అని అర్థం. ‘ఇంపార్టిబుల్’ కూడా అలాంటిదే. జమీందారీల చరిత్ర చదివేవాళ్లకు ఈ మాట ఎదురవుతుంది: 1904లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇంపార్టిబుల్ ఎస్టేట్స్ చట్టం వచ్చింది. వారసుల మధ్య పంచడానికి వీల్లేకుండా ఒక్కరి చేతికే వెళ్లే జమీందారీల గురించిన చట్టం అది. పిఠాపురం జమీందారీ వ్యాజ్యం ఇలాంటి ప్రశ్న మీదే, అప్పట్లో మన వ్యాజ్యాలకు ఆఖరి కోర్టు అయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ఒక ‘ఇం’ పంచిపెట్టమంటుంది, ఇంకో ‘ఇం’ పంచొద్దంటుంది. పోటీ పరీక్షల్లో సమానార్థకాలు అడిగినప్పుడు ఇక్కడే కాలు జారుతుంది. ‘ఇంపార్ట్’కు దగ్గరి మాటలు ‘కన్వే’, ‘కమ్యూనికేట్’, ‘బిస్టో’. వ్యతిరేకం ‘విత్‌హోల్డ్’, అంటే ఇవ్వకుండా తన దగ్గరే అట్టేపెట్టుకోవడం.

పలకడం సంగతి రెండు ముక్కల్లో. ఊనిక రెండో అక్షరం మీద, ‘పా’ మీద పడాలి. భూతకాల రూపం మూడు ముక్కలు: ఇం-పార్-టిడ్.

ఇక్కడ ఈ మాట అవసరమా అని అడగండి

వాక్యం కట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇచ్చేది విద్య, నైపుణ్యం, అనుభవం, విలువ లాంటి, పుచ్చుకున్నవాళ్లలో నిలిచిపోయేదేనా? రాత మర్యాదగా, కాస్త లాంఛనంగా ఉండాల్సిందేనా? ‘టీచ్’, ‘టెల్’, ‘గివ్’ అనే చిన్న మాటలు ఇక్కడ చాలవనిపిస్తోందా? మూడింటికీ అవునంటేనే ‘ఇంపార్ట్’ తీయండి. బస్సు ఎన్నింటికో చెప్పడానికి, ఫోన్ నంబరు ఇవ్వడానికి ఈ మాట వాడితే, ‘నీళ్లు ఇవ్వు’ అనాల్సిన చోట ‘జలమును ప్రసాదించుము’ అన్నట్టుంటుంది. వ్యాకరణం తప్పు కాదు, సందర్భం తప్పు.

సమాచారం విషయంలో దీనికి మంచి గౌరవస్థానం ఉంది. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్య సమితి ఆమోదించిన విశ్వజనీన మానవ హక్కుల ప్రకటన 19వ అధికరణంలో ‘టు సీక్, రిసీవ్ అండ్ ఇంపార్ట్ ఇన్ఫర్మేషన్ అండ్ ఐడియాస్’ అని ఉంటుంది. సమాచారాన్ని, భావాలను వెతుక్కునే, పొందే, అందించే హక్కు. ‘రిసీవ్’ పక్కన ‘ఇంపార్ట్’ను పెట్టడం గమనించండి: పుచ్చుకోవడం ఒక వైపు, ఇవ్వడం ఒక వైపు. ఇచ్చిపుచ్చుకోవడం అని మనం ఒక్క మాటలో అనేదే.

భారత రాజ్యాంగంలోనూ ఈ క్రియ ఉంది. విద్యాసంస్థల్లో మతబోధ గురించి చెప్పే 28వ అధికరణం చూడండి. మొదటి క్లాజులో మతబోధ ‘ప్రొవైడెడ్’ అన్నారు, రెండు, మూడు క్లాజుల్లో ‘ఇంపార్టెడ్’ అన్నారు. రెండో క్లాజులో వాక్యం ‘రిలిజియస్ ఇన్‌స్ట్రక్షన్ షల్ బి ఇంపార్టెడ్ ఇన్ సచ్ ఇన్‌స్టిట్యూషన్’ అని నడుస్తుంది. ఇంపార్ట్ అయ్యేది బోధ, విద్యార్థి కాదు. ఈ ఒక్క పదబంధం మనసులో పెట్టుకోండి, దీంతో పనుంది.

వాక్యాన్ని వెనక నుంచి పేర్చండి

ముందు తెలుగులో పూర్తి వాక్యం అనుకోండి.

గురువు – శిష్యులకు – విద్యను – అందించాడు.

కర్తను కదపకండి. మిగిలిన మూడింటినీ చివరి నుంచి ముందుకు చదవండి: అందించాడు, విద్యను, శిష్యులకు. అదే ఇంగ్లిష్ వరస. ‘ద గురు – ఇంపార్టెడ్ – నాలెడ్జ్ – టు హిజ్ డిసైపుల్స్.’ తెలుగులో ‘కు’ మాట వెనక అతుక్కుంటుంది, ఇంగ్లిష్‌లో ‘టు’ మాట ముందు నిలబడుతుంది. అంతకు మించి తేడా లేదు. మీ తెలుగు వాక్యంలో ‘కు’ గానీ ‘కి’ గానీ ఉంటే ఇంగ్లిష్ వాక్యంలో ‘టు’ ఉండి తీరాలి. పూర్తయ్యాక వేలు పెట్టి చూసుకోండి. ‘టు’ కనబడకపోతే ఆ వాక్యం పంపకండి.

మరి ‘టీచ్’, ‘టెల్’, ‘గివ్’లతో ‘టు’ లేకుండానే చెల్లుతోంది కదా? ‘షి టాట్ మీ మ్యాథ్స్’, ‘హి టోల్డ్ అజ్ ద న్యూస్’ సరైనవే కదా? అవును, సరైనవే. గందరగోళం మొదలయ్యేది ఇక్కడే. ఇంగ్లిష్‌కు పుట్టుకతో వచ్చిన చిన్న క్రియలు చాలావరకు వ్యక్తిని నేరుగా పక్కన కూర్చోబెట్టుకుంటాయి. లాటిన్, ఫ్రెంచి దారిన వచ్చిన బరువైన క్రియలు, ఇంపార్ట్, ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, అనౌన్స్, డొనేట్ లాంటివి, అలా కూర్చోబెట్టుకోవు. వాటికి మధ్యలో ‘టు’ కావాలి. ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ తప్పు, ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ’ ఒప్పు అని బడిలో చెప్పేది ఈ కారణంగానే. ఇది నూటికి నూరుపాళ్లూ నడిచే సూత్రం కాదు, కానీ కొత్త క్రియ ఎదురైనప్పుడు మంచి అంచనా ఇస్తుంది.

వెనక నుంచి పేర్చే పద్ధతి ఒక చోట ఇబ్బంది పెడుతుంది. ఇచ్చే విషయం చాలా పొడవైనప్పుడు. ‘తన తండ్రి తనకు నేర్పిన మెళకువలను శిష్యులకు అందించాడు’ అనే వాక్యం తీసుకోండి. మామూలు వరసలో పెడితే ‘హి ఇంపార్టెడ్ ద స్కిల్స్ దట్ హిజ్ ఫాదర్ హాడ్ టాట్ హిమ్ టు హిజ్ స్టూడెంట్స్’ అవుతుంది. చివర్లో ఆ ‘టు’ ఎవరికి చెందిందో తెలియక చదివేవాళ్లు ఆగుతారు, తండ్రి నేర్పింది శిష్యులకా అనిపిస్తుంది. అప్పుడు ‘టు’ ముక్కను ముందుకు జరపండి: ‘హి ఇంపార్టెడ్ టు హిజ్ స్టూడెంట్స్ ద స్కిల్స్ దట్ హిజ్ ఫాదర్ హాడ్ టాట్ హిమ్.’ పొట్టి ముక్క ముందు, పొడుగు ముక్క వెనక. ‘టు’ మాత్రం అలాగే ఉంది, గమనించండి.

ఎవరికో చెప్పనక్కర్లేనప్పుడు ఆ భాగం వదిలేయొచ్చు. ‘ద కాలేజ్ ఇంపార్ట్స్ టెక్నికల్ ఎడ్యుకేషన్’ పూర్తి వాక్యమే. కానీ ఏమిటో చెప్పకుండా వదలకూడదు. ‘ద టీచర్ ఇంపార్టెడ్ టు ద చిల్డ్రన్’ అంటే వడ్డించినట్టు చేసి విస్తరిలో ఏమీ వేయనట్టే.

‘టు’ బదులు చొరబడేవి

‘విత్’: ‘ఇంపార్టెడ్ ద యూత్ విత్ స్కిల్స్’. ఇది ‘ఎక్విప్’, ‘ప్రొవైడ్’ అనే క్రియల నుంచి అరువొచ్చిన తప్పు. అవి వ్యక్తిని ముందు పెట్టి వస్తువును ‘విత్’తో తెస్తాయి: ‘ఎక్విప్డ్ ద యూత్ విత్ స్కిల్స్’. మీకు ‘విత్’తోనే రాయాలనుంటే క్రియను మార్చండి.

‘ఆన్’, ‘అపాన్’: ‘బిస్టో’, ‘ఇంప్రెస్’, ‘ఇంపోజ్’ క్రియల పక్కన ఉండేవి. ‘ఇంపార్ట్’ పక్కన వద్దు. క్రికెట్ వ్యాఖ్యానంలో బంతి ‘మీద’ స్పిన్ ఇంపార్ట్ చేశాడనే తీరు వినిపిస్తుంది. బంతి మీద తిప్పు కనిపిస్తుంది కాబట్టి అలా వస్తుంది. రాతలో మాత్రం ‘ద బౌలర్స్ ఫింగర్స్ ఇంపార్ట్ స్పిన్ టు ద బాల్’ అనే రాయండి.

‘అబౌట్’ విషయంలో మన ‘గురించి’ మోసం చేస్తుంది. ‘నేల ఆరోగ్యం గురించి రైతులకు చెప్పారు’ అనే వాక్యాన్ని ‘ఇంపార్టెడ్ అబౌట్ సాయిల్ హెల్త్’ అని రాస్తారు. ‘ఇంపార్ట్’ పక్కన తప్పకుండా ఒక నామవాచకం ఉండాలి, ‘గురించి’ ఆ నామవాచకానికి తగులుకోవాలి: ‘ఇంపార్టెడ్ నాలెడ్జ్ అబౌట్ సాయిల్ హెల్త్ టు ద ఫార్మర్స్.’ అలాగే ‘ఇంపార్టెడ్ దట్...’ అని వాక్యం మొదలుపెట్టకండి. ‘అని చెప్పాడు’ అనే చోట ‘టోల్డ్’ కావాలి. ‘ఎలా చేయాలో నేర్పాడు’ అనే చోట ‘టాట్ దెమ్ హౌ టు’ కావాలి, ‘ఇంపార్టెడ్ హౌ టు’ కాదు.

పెద్ద తప్పు: ‘రైతులు శిక్షణ ఇవ్వబడ్డారు’

మన దగ్గర పత్రికా ప్రకటనల్లో, శాఖల నివేదికల్లో చదువుకున్నవాళ్ల చేత కూడా దొర్లే తప్పు ఇది: ‘ఫిఫ్టీ ఫార్మర్స్ వర్ ఇంపార్టెడ్ ట్రైనింగ్.’ చెవికి అలవాటైపోయి తప్పని తోచదు. దీన్ని పట్టుకోవడానికి ఇంగ్లిష్ నిఘంటువు వెతకనక్కర్లేదు, తెలుగులోకి మాటకు మాట దించి చూడండి: ‘50 మంది రైతులు శిక్షణ ఇవ్వబడ్డారు.’ ఎవరికైనా కర్ణకఠోరమే. తెలుగులో కర్మణి వాక్యం (ఇంగ్లిష్‌లో ‘పాసివ్ వాయిస్’ అనేది) రాయక తప్పనప్పుడు మనం ఏమంటాం? ‘50 మంది రైతులకు శిక్షణ ఇవ్వబడింది’ అంటాం. వాక్యం తిరగబడినా ‘కు’ రైతులను వదల్లేదు. ఇవ్వబడింది శిక్షణ, రైతులు కారు.

ఇంగ్లిష్‌లోనూ కారణం ఇదే. క్రియ పక్కన నేరుగా కూర్చున్నదే కర్మణి వాక్యంలో ముందుకు వచ్చి కర్త స్థానంలో నిలబడగలదు. ‘ఇంపార్ట్’ పక్కన నేరుగా కూర్చునేది శిక్షణ. రైతులు ‘టు’ వెనక ఉన్నారు, కాబట్టి ముందుకు రాలేరు. రాజ్యాంగ వాక్యంలో ‘ఇన్‌స్ట్రక్షన్’ ముందు నిలబడిందని చూశాం కదా, ఆ పద్ధతే: ‘ట్రైనింగ్ వాజ్ ఇంపార్టెడ్ టు ఫిఫ్టీ ఫార్మర్స్.’

రైతులనే ముందు పెట్టాలనుకుంటే, చాలాసార్లు అదే మంచిది కూడా, క్రియ మార్చాలి. ‘ఫిఫ్టీ ఫార్మర్స్ వర్ ట్రెయిన్డ్’, ‘ఫిఫ్టీ ఫార్మర్స్ రిసీవ్డ్ ట్రైనింగ్’, ‘ఫిఫ్టీ ఫార్మర్స్ వర్ గివెన్ ట్రైనింగ్’. మూడూ నిక్షేపంగా చెల్లుతాయి. ‘గివ్’ చెల్లడం చూసే ‘ఇంపార్ట్’ కూడా చెల్లుతుందనుకుంటాం. ‘గివ్’ వ్యక్తిని పక్కన కూర్చోబెట్టుకోగలదు, ‘ఇంపార్ట్’కు ఆ చనువు లేదు.

ఏవి ఇంపార్ట్ అవుతాయి, ఏవి కావు

నాలెడ్జ్, విజ్డమ్, ఎడ్యుకేషన్, ట్రైనింగ్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్: ఇవి బాగా కుదురుతాయి, కానీ వీటికి బహువచనం లేదు. ‘నాలెడ్జెస్’, ‘ఇన్ఫర్మేషన్స్’, ‘అడ్వైసెస్’ అనకండి. తెలుగులో ‘సలహాలు’, ‘శిక్షణలు’ అనడం సహజం కాబట్టి ఆ ‘లు’ ఇంగ్లిష్‌లోకి కూడా పాకుతుంది. లెక్క చెప్పాల్సి వస్తే ‘టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్’, ‘త్రీ ట్రైనింగ్ సెషన్స్’ అనండి. స్కిల్స్, వాల్యూస్, ఐడియాస్, టెక్నిక్స్, సీక్రెట్స్ మాత్రం బహువచనంలో హాయిగా వాడొచ్చు. చెడ్డ కబురు చెప్పడానికీ ఈ క్రియ వాడతారు, ‘షి హాడ్ బ్యాడ్ న్యూస్ టు ఇంపార్ట్’. ఈ వాడుక కథల్లో, నవలల్లో కనిపిస్తుంది.

కుదరనివి కూడా తెలియాలి. ‘అవగాహన కల్పించారు’కు ‘ఇంపార్టెడ్ అవేర్‌నెస్’ అని రాయడం మనకు అలవాటు. ఇంగ్లిష్‌లో అవేర్‌నెస్ పక్కన సహజంగా వచ్చే క్రియ ‘రైజ్’. ఆసక్తి, క్రమశిక్షణ, భయం లాంటివి మనసులో నాటడానికి ‘ఇన్‌స్టిల్’ అనే క్రియ ఉంది: ‘ఇన్‌స్టిల్డ్ డిసిప్లిన్ ఇన్ ద చిల్డ్రన్.’ తేడా ఎక్కడంటే, ఇంపార్ట్ చేసేవాడి దగ్గర ఆ సరుకు ముందే ఉండాలి. తనకున్న పద్యాల మీది మమకారాన్ని ఉపాధ్యాయురాలు పిల్లలకు పంచితే ‘షి ఇంపార్టెడ్ టు ద చిల్డ్రన్ హర్ లవ్ ఆఫ్ తెలుగు పోయెట్రీ’ అనొచ్చు. ఎందుకంటే ఆ ప్రేమ ఆవిడది.

ఈ లెక్కన ప్రాణం లేనివి కూడా ఇంపార్ట్ చేస్తాయి. తనలో ఉన్న గుణాన్ని ఒక వస్తువు మరో వస్తువుకు పట్టించడం అన్నమాట. పసుపు పులిహోరకు రంగునిస్తుంది: ‘టర్మరిక్ ఇంపార్ట్స్ ఎ యెల్లో కలర్ టు పులిహోర.’ ఇంగువ పప్పుకు వాసన పట్టిస్తుంది: ‘ఆసఫటిడా ఇంపార్ట్స్ ఇట్స్ అరోమా టు ద దాల్.’ క్రోమియం ఉక్కుకు తుప్పు పట్టని గుణాన్ని ఇస్తుంది: ‘క్రోమియం ఇంపార్ట్స్ కొరోజన్ రెసిస్టెన్స్ టు స్టీల్.’ స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉండాలనేది ఇందుకే. భౌతికశాస్త్రం పాఠాల్లో వస్తువుకు వేగం, గతి ఇవ్వడానికీ ఇదే క్రియ. ఇవన్నీ ఎప్పుడూ నిజమైన విషయాలు కాబట్టి సాధారణ వర్తమానంలోనే రాయాలి. ‘టర్మరిక్ ఈజ్ ఇంపార్టింగ్’ అనకండి. తెలుగులో ‘రంగునిస్తోంది’ అన్నా చెవికి తగలదు, ఇంగ్లిష్‌లో తగులుతుంది.

ఒక బయోడేటా వాక్యాన్ని సరిచేద్దాం

తెలుగులో అనుకున్నది: ‘5 ఏళ్లుగా గ్రామీణ యువతకు మోటారు రీవైండింగులో శిక్షణ ఇస్తున్నాను.’

మొదట కాగితం మీదికి వచ్చేది సాధారణంగా ఇలా ఉంటుంది: ‘ఐ యామ్ ఇంపార్టింగ్ రూరల్ యూత్ ట్రైనింగ్ ఇన్ మోటార్ రీవైండింగ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్.’

ముందు ‘కు’ కోసం వెతకండి. ‘యువతకు’లోని ‘కు’ మాయమైంది. ‘రూరల్ యూత్’ను క్రియ పక్కనుంచి లేపి ‘టు’తో వెనక్కి పంపండి. ‘ట్రైనింగ్ ఇన్ మోటార్ రీవైండింగ్’ ఒక మూట, దాన్ని విడదీయొద్దు, ‘టు’ ఆ మూట తర్వాతే రావాలి. తర్వాత కాలం. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ‘యామ్ ఇంపార్టింగ్’ సరిపోదు, ‘హావ్ బీన్ ఇంపార్టింగ్’ కావాలి. ఆ తర్వాత ‘సిన్స్’. అది పని మొదలైన సంవత్సరానికి గానీ రోజుకు గానీ వాడేది, ఎంతకాలం అనేదానికి ‘ఫర్’. మూడు మార్పులూ చేస్తే: ‘ఐ హావ్ బీన్ ఇంపార్టింగ్ ట్రైనింగ్ ఇన్ మోటార్ రీవైండింగ్ టు రూరల్ యూత్ ఫర్ ఫైవ్ ఇయర్స్.’

తప్పుల్లేవు. ప్రభుత్వ శాఖకో, మన దేశంలోని కళాశాలకో పంపేట్టయితే ఇది చాలు. అమెరికాలోనో, ఇంగ్లండ్‌లోనో ఉన్న కంపెనీకి పంపేట్టయితే ఇంకొక్క అడుగు వేయండి. ‘ఇంపార్ట్ ట్రైనింగ్’ భారతీయ కార్యాలయాల ఇంగ్లిష్‌లో నిలదొక్కుకున్న జంట. అక్కడివాళ్లు ‘ప్రొవైడ్ ట్రైనింగ్’ అనో, ఇంకా సూటిగా ‘ట్రెయిన్’ అనో అంటారు. ‘ట్రెయిన్’ వాడితే వాక్యం సగమవుతుంది, మిగిలిన చోటులో ఎంతమందికి నేర్పారో అంకె వేసుకోవచ్చు: ‘ట్రెయిన్డ్ 120 విలేజ్ యూత్ ఇన్ మోటార్ రీవైండింగ్.’ ఆ 120 బదులు మీ అసలు సంఖ్య రాయండి. ఎంపిక చేసేవాళ్ల కన్ను ముందు పడేది ఆ అంకె మీదే.

పక్కింటి క్రియలు

జ్ఞానం పంచే క్రియలు ఇంకా ఉన్నాయి. ఒక్కోటి మన విభక్తిని ఒక్కోలా మారుస్తుంది.

‘షేర్’ దగ్గర మనం రోజూ తప్పులో కాలేస్తున్నాం. ‘ఆ ఫోటో నాకు షేర్ చెయ్యి’ అని తెలుగులో అలవాటైపోయింది, అందుకని ఇంగ్లిష్‌లోనూ ‘షేర్ మీ ద ఫోటో’, ‘షేర్ టు మీ’ అని వస్తుంది. అసలు తెలుగు మాటకు వెళ్లండి: పంచుకో. ఎవరితో పంచుకుంటాం? ‘నాతో’. ‘తో’ వచ్చింది కాబట్టి ‘విత్’: ‘షేర్ ద ఫోటో విత్ మీ.’ షేర్ చేసినది ఇద్దరి దగ్గరా ఉంటుంది, అందుకే ‘తో’.

‘ఇన్ఫార్మ్’ వ్యక్తిని నేరుగా పట్టుకుంటుంది, విషయాన్ని ‘ఆఫ్’తోనో ‘అబౌట్’తోనో తెస్తుంది: ‘ఇన్ఫార్మ్ ద పేరెంట్స్ అబౌట్ ద మీటింగ్.’ ఇక్కడ ‘టు ద పేరెంట్స్’ అంటే తప్పు. ‘కు’ను నమ్మిన చెవిని ఇది తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. ‘ఎన్‌లైటెన్’ కూడా ఈ గుంపులోదే. ‘అక్వెయింట్’ వ్యక్తిని ముందు పెట్టి ‘విత్’ అంటుంది. ‘కన్వే’ మాత్రం అచ్చంగా ‘ఇంపార్ట్’ లాగే: ‘కన్వే మై రిగార్డ్స్ టు యువర్ ఫాదర్.’ ‘ఎక్స్‌ప్లెయిన్’కు ‘టు’ కావాలి, ‘అబౌట్’ అక్కర్లేదు. ‘డిస్కస్’కు కూడా ‘అబౌట్’ అక్కర్లేదు, ‘గురించి చర్చించాం’ అనే మన అలవాటే దాన్ని తెచ్చిపెడుతుంది.

చేతితో రాసి చూడండి

ఈ ఐదు వాక్యాలను ముందు కాగితం మీద ఇంగ్లిష్‌లో రాయండి, తర్వాత కింద చూడండి. అన్నింట్లోనూ ‘ఇంపార్ట్’ రావాలని లేదు.

తాత మనవరాలికి ఇక్కత్ నేత మెళకువలు అందించాడు.
నీ ఫోన్ నంబరు నాకు చెప్పు.
30 మంది ఆశా కార్యకర్తలకు ప్రథమ చికిత్సలో శిక్షణ ఇచ్చారు.
కుంకుమపువ్వు పాలకు బంగారు రంగునిస్తుంది.
మీ అనుభవాలు మాతో పంచుకోండి.

మొదటిది: ‘ద గ్రాండ్‌ఫాదర్ ఇంపార్టెడ్ ద టెక్నిక్స్ ఆఫ్ ఇక్కత్ వీవింగ్ టు హిజ్ గ్రాండ్‌డాటర్.’ తాత దగ్గరున్న పనితనం మనవరాలికి వస్తోంది, ఈ క్రియకు ఇంతకంటే తగిన చోటు ఉండదు.

రెండోదానికి ‘ఇంపార్ట్’ వద్దు. ‘గివ్ మీ యువర్ ఫోన్ నంబర్.’

మూడోదానికి రెండు దారులు: ‘ట్రైనింగ్ ఇన్ ఫస్ట్ ఎయిడ్ వాజ్ ఇంపార్టెడ్ టు థర్టీ ఆశా వర్కర్స్’ లేదా ‘థర్టీ ఆశా వర్కర్స్ వర్ ట్రెయిన్డ్ ఇన్ ఫస్ట్ ఎయిడ్’. మీ వాక్యం ‘థర్టీ ఆశా వర్కర్స్ వర్ ఇంపార్టెడ్’ అని మొదలైతే ‘ఇవ్వబడ్డారు’ పరీక్ష మళ్లీ ఒకసారి పెట్టండి.

నాలుగోది: ‘శాఫ్రన్ ఇంపార్ట్స్ ఎ గోల్డెన్ కలర్ టు మిల్క్.’ కర్త ఏకవచనం కాబట్టి క్రియ చివర ‘స్’ ఉందో లేదో చూసుకోండి.

ఐదోది: ‘షేర్ యువర్ ఎక్స్‌పీరియన్సెస్ విత్ అజ్.’